పెద్ద మాంద్యం వస్తే ప్రభుత్వం ఏం చేయాలి? గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పాలకొల్లు దగ్గర ఊరు. ముప్పై ఏళ్ళు ఇంటర్, డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెప్పాను. రొయ్య ధర పడినప్పుడల్లా, టీవీలో మాంద్యం అనే మాట వినపడినప్పుడల్లా మా అరుగు మీద ఇవే ప్రశ్నలు వస్తాయి, చెప్పిందే మళ్ళీ చెప్తుంటాను. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. పరీక్షకి చదివే పాఠంలా కాకుండా ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే రాస్తాను.

మాంద్యం అంటే ధరలు పెరగడమా, తగ్గడమా?

చాలామందికి తికమక ఇక్కడే. ధరలు పెరిగిపోవడం ద్రవ్యోల్బణం, దాని బాధ మనకి అలవాటే. పెద్ద మాంద్యంలో కథ తిరగబడుతుంది. సరుకు ఉంటుంది, కొనేవాడు ఉండడు. కళ్ళంలో ధాన్యం రాశి పోసి ఉంటుంది, బేరగాడు రాడు, వచ్చినా అతను చెప్పే ధరకి కోత కూలి కూడా గిట్టదు. ధర తగ్గితే కొనుక్కునేవాళ్ళకి మంచిదే కదా అంటారు. కొనుక్కునేవాడి జీతం కూడా ఎవరో ఒకరి అమ్మకంలోంచి రావలసిందే, ఆ అమ్మకమే ఆగిపోయింది.

వరసగా రెండు త్రైమాసికాలు ఉత్పత్తి తగ్గితే పేపర్లు మాంద్యం అని రాస్తాయి. నేను చెప్పేది అంతకంటే లోతైనది, ఏళ్ళ తరబడి నడిచేది. 1929లో అమెరికాలో మొదలైన మహా మాంద్యంలో నాలుగేళ్ళలో ఆ దేశపు ఉత్పత్తి దాదాపు 30 శాతం పడిపోయింది, 1933 నాటికి పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు.

అమెరికాలో షేర్లు పడితే మన రైతుకి ఏమవుతుంది?

ఈ ప్రశ్న అడిగిన కుర్రాడు ఎగతాళిగా అడిగాడు, కానీ అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను.

1929 అక్టోబరులో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కూలింది. మన పల్లెల్లో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? అయినా బియ్యం, నూనెగింజలు, పొగాకు ధరలన్నీ అప్పటికే ప్రపంచ మార్కెట్‌తో ముడిపడి ఉన్నాయి. బర్మా బియ్యానికి బయట గిరాకీ తగ్గింది, ఆ బియ్యం చౌకగా మద్రాసు రాష్ట్రం మీద పడింది, మన ధాన్యం ధర కొద్ది ఏళ్ళలోనే దాదాపు సగానికి దిగింది.

ఇప్పుడు ఒక లెక్క చూడండి, అంకెలు నేను వేసుకున్నవే. ఒక రైతు నోటు రాసి వెయ్యి రూపాయలు తెచ్చాడు. బస్తా ఐదు రూపాయలు ఉన్నప్పుడు 200 బస్తాలు అమ్మితే ఆ బాకీ తీరుతుంది. బస్తా రెండున్నర అయితే 400 బస్తాలు అమ్మాలి. నోటు మీద అంకె మారలేదు, అతను కొత్తగా పైసా వాడుకోలేదు, అయినా అప్పు రెండింతలైంది. శిస్తు కూడా అంతే, పొలం ఇజారా కూడా అంతే. రాబడి ధరతోపాటు కిందికి పోతుంది, కట్టాల్సింది మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అమెరికాలో ఇర్వింగ్ ఫిషర్ అనే ఆర్థికవేత్త 1933లో దీన్నే విడమరిచి రాశాడు. అందరూ అప్పులు తీర్చడానికి ఒకేసారి అమ్మకానికి దిగుతారు, దాంతో ధర ఇంకా పడుతుంది, కట్టేకొద్దీ మిగిలిన అప్పు బరువెక్కుతుంది.

అప్పటి ప్రభుత్వం మన మీద చేసిన పని చూడండి. సరిగ్గా ఆ రోజుల్లోనే కృష్ణా, గోదావరి డెల్టాల్లో రీసెటిల్‌మెంట్, అంటే శిస్తుని మళ్ళీ నిర్ణయించడం, పేరు చెప్పి శిస్తు 18.75 శాతం పెంచాలని పూనుకుంది. అంటే రూపాయికి మూడణాలు. ధర సగమైన కాలంలో శిస్తు పెంపు! ఎన్.జి. రంగా లాంటివాళ్ళు రైతు సంఘాలు పెట్టి ఊరూరా తిరిగి రైతుల్ని కూడగట్టింది ఈ కోపంలోంచే.

మా ఇంట్లోనూ ఒక ముక్క మిగిలింది. మా తాతయ్యకి అప్పుడు పదేళ్ళు. వాళ్ళమ్మగారి కాసులపేరు శిస్తు గడువుకి నరసాపురం షరాబు దగ్గరికి వెళ్ళింది, మళ్ళీ ఇంటికి రాలేదు. తాతయ్య ఎనభై దాటాక కూడా ఆ గొలుసుకి ఎన్ని కాసులో లెక్క చెప్పేవాడు.

బంగారం అమ్ముకోవడం అన్నిచోట్లా జరిగిందా?

దేశమంతా జరిగింది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ తన పౌండుకి బంగారంతో ఉన్న ముడి తెంపేసింది. మన రూపాయిని మాత్రం ఆ పౌండుకే ఒక షిల్లింగు ఆరు పెన్నీల దగ్గర కట్టేసి ఉంచారు. దాంతో బంగారం ధర రూపాయల్లో పెరిగింది, ధాన్యం ధర మాత్రం పడే ఉంది. అప్పులవాళ్ళు, శిస్తువాళ్ళు గుమ్మంలో కూర్చుంటే ఆడవాళ్ళ ఒంటి మీది నగలు తప్ప అమ్మడానికి ఇంకేమీ లేదు. కొద్ది ఏళ్ళలో రెండు వందల కోట్ల రూపాయలకు పైగా విలువైన బంగారం ఓడలెక్కి దేశం దాటింది. గతిలేక అమ్మిన బంగారం అనే పేరే దానికి పడింది.

మనవాళ్ళు రూపాయి విలువ తగ్గించమని, ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు చేయమని ఎన్నిసార్లో అడిగారు. అలా చేస్తే మన సరుకుకి చేతికొచ్చే రూపాయలు పెరుగుతాయి. ప్రభుత్వం వినలేదు. లండన్‌కి ఏటా పంపాల్సిన సొమ్ము రూపాయి బలంగా ఉంటే చౌకగా తేలుతుంది, వాళ్ళకి కావలసింది అదే. దానికి తోడు 1931లో ఉద్యోగుల జీతాలు పది శాతం కోసి, పన్నుల మీద సర్‌చార్జి వేసింది. కింద పడ్డవాడి మీద ఇంకో బస్తా మోపినట్టే.

రంగూన్ వెళ్ళినవాళ్ళ సంగతేంటి?

కోరంగి, కాకినాడ వైపు నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళి కూలి చేసుకునేవాళ్ళు వేలల్లో ఉండేవాళ్ళు, బర్మావాళ్ళు మన తెలుగువాళ్ళని కోరంగీలు అనే పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ బదులు బర్మా కూలీల్ని పెట్టారు. సమ్మె ముగిశాక బర్మా వాళ్ళని తీసేసి మళ్ళీ మనవాళ్ళని పనిలోకి తీసుకోవడంతో ఘోరమైన అల్లర్లు జరిగి ఎంతోమంది తెలుగు కూలీలు చచ్చిపోయారు. దీని వెనక ఉన్నది చాలావరకు పని కోసం పోటీయే. మాంద్యంలో ప్రభుత్వం పని చూపించకపోతే పనిలేనివాడి కోపం పక్కనున్న పనిలేనివాడి మీదికే పోతుంది. ఈ సంగతి మనం మరిచిపోకూడదు, ఎందుకంటే ఆ రేవులో పడి చచ్చిపోయింది మన జిల్లాలవాళ్ళే.

కష్టకాలంలో ఇల్లు పొదుపు చేస్తుంది కదా, ప్రభుత్వం కూడా ఖర్చు తగ్గించుకోవాలి కదా?

ఇంటికి సరిపోయేది ప్రభుత్వానికి సరిపోదు. మా ఇంట్లో ఖర్చు తగ్గిస్తే మా ఇంటికి మిగులు. ఊళ్ళో అందరూ ఒకేసారి తగ్గిస్తే కిరాణా కొట్టువాడికి బేరం లేదు, అతను గుమాస్తాని మానిపిస్తాడు, గుమాస్తా పాలు మానేస్తాడు. ఒకరి ఖర్చే ఇంకొకరి రాబడి. అందరూ చేతులు ముడుచుకున్నప్పుడు ఖర్చు పెట్టగలిగింది ప్రభుత్వం ఒక్కటే, అది కూడా ముడుచుకుంటే ఇక ఎవరు పెడతారు? ఇంగ్లండులో కీన్స్ అనే ఆర్థికవేత్త 1936లో పుస్తకం రాసి వాదించింది క్లుప్తంగా ఇదే.

జర్మనీలో బ్రూనింగ్ ప్రభుత్వం 1930 నుంచి 1932 దాకా జీతాలు, భృతులు కోసి పన్నులు పెంచింది. 1932లో అక్కడ నిరుద్యోగులు అరవై లక్షలు. ఆ తర్వాత ఏడాదే హిట్లర్ వచ్చాడు. దానికి ఇంకా కారణాలు ఉన్నాయి, కానీ ఆకలితో ఉన్న అరవై లక్షలమందిని పక్కన పెట్టి ఆ చరిత్ర చెప్పలేం.

అమెరికా బ్యాంకుల్ని ఎలా నిలబెట్టింది?

1930 నుంచి 1933 మధ్య అక్కడ దాదాపు 9 వేల బ్యాంకులు మూతపడ్డాయి. రూజ్‌వెల్ట్ 1933 మార్చి 4న అధ్యక్షుడయ్యాడు, మార్చి 6 నుంచి దేశంలో బ్యాంకులన్నిటికీ సెలవు ప్రకటించాడు. లెక్కలు తనిఖీ చేసి బాగున్నవాటినే తెరుస్తామన్నాడు. మార్చి 12న రేడియోలో కూర్చుని, బ్యాంకు మీ డబ్బుని ఏం చేస్తుందో, ఎందుకు ఒకేరోజు అందరికీ ఇవ్వలేదో మామూలు మాటల్లో చెప్పాడు. బ్యాంకులు తెరిచాక జనం తీసుకోవడానికి కాకుండా తిరిగి వేయడానికి క్యూ కట్టారు.

నాకు ఆ రేడియో మాట అంటే చాలా గౌరవం. భయం పోగొట్టడానికి నిజం చెప్పడం కూడా ప్రభుత్వం పనే. "అంతా బాగానే ఉంది" అని మాత్రం చెబితే జనం ఇంకా భయపడతారు.

అదే ఏడాది డిపాజిట్లకి బీమా చట్టం వచ్చింది. 1934 జనవరి నుంచి మొదట 2,500 డాలర్ల దాకా.

మన డిపాజిట్లకి అలాంటి బీమా ఉందా? టెన్షన్‌గా ఉంది.

ఉంది. ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా. 2020 ఫిబ్రవరికి ముందు ఇది లక్షే. ప్రభుత్వ, ప్రైవేటు బ్యాంకులతోపాటు సహకార బ్యాంకులకీ వర్తిస్తుంది.

కానీ ఇది జాగ్రత్తగా చదవండి. మన ఊళ్ళలో చాలామంది పెద్దవాళ్ళు నాలుగణాల వడ్డీ ఎక్కువ వస్తుందని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో, అదే మనం సొసైటీ అంటామే, అందులో డిపాజిట్ వేస్తారు. ఆ సొసైటీలకి ఈ బీమా లేదు. చిట్టీలకీ లేదు. ఈ సంగతి తెలియకే నాకు తెలిసిన ఒక ముసలాయన కూతురి పెళ్ళి డబ్బంతా ఒకచోటే పెట్టి రెండేళ్ళు తిరిగాడు. సొసైటీలన్నీ చెడ్డవని కాదు, ఉన్నదంతా బీమా లేనిచోట పెట్టొద్దని.

నోట్లు అచ్చేసి పంచేస్తే సరిపోదా?

సరుకు లేనప్పుడు పంచితే ధరలు ఎగిరిపోతాయి. సరుకు ఉండి కొనేవాడు లేనప్పుడు కొంతవరకు అదే మందు. అసలు ప్రశ్న ఎంత, ఎప్పటిదాకా అన్నది. మన దగ్గర ప్రభుత్వం అప్పు పత్రాల్ని రిజర్వ్ బ్యాంకు నేరుగా కొనడం 2006 నుంచి మామూలు రోజుల్లో నిషేధం. రిజర్వ్ బ్యాంకు వేరే దారిలో చేస్తుంది, బ్యాంకులకి తాను ఇచ్చే అప్పు మీద వడ్డీ రేటు తగ్గిస్తుంది, దాన్నే రెపో రేటు అంటారు. 2008 అక్టోబరు మొదట్లో 9 శాతం ఉన్న రెపో రేటు 2009 ఏప్రిల్‌కి 4.75కి దిగింది.

అయితే వడ్డీ తగ్గితే చాలనుకోకండి. రొయ్య కొనేవాడు లేనప్పుడు వడ్డీ సగం చేసినా చెరువు వేయడానికి ఎవడు అప్పు తీసుకుంటాడు? కాలువకి నీళ్ళు వదిలినంత మాత్రాన చేను తడవదు, బోదె కూడా తెరవాలి. ఆ బోదె తెరవడమంటే పని, ధర, అప్పు ఊరట.

ఊరికే గోతులు తవ్వించి పూడ్పిస్తే లాభమేంటి?

ఏమీ చేయకుండా కూర్చోవడం కంటే అదీ నయమే, ఎందుకంటే కూలి డబ్బు ఊళ్ళో తిరుగుతుంది. కానీ గోతులే ఎందుకు తవ్వాలి? మన కళ్ళముందు ధవళేశ్వరం ఉంది.

1830ల్లో గోదావరి జిల్లా ఎండిపోయింది. కరువులు, తుపానులు, దానికి తోడు పిండి వసూలు చేసిన శిస్తు. 1821లో 7.38 లక్షలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకి పడిపోయింది. చచ్చినవాళ్ళు చచ్చారు, మిగిలినవాళ్ళు వలసపోయారు. జనం పోతే శిస్తు పోతుందని కంపెనీకి అప్పుడు దిగులు పట్టింది. 1844లో హెన్రీ మాంట్‌గొమరీ వచ్చి చూసి రిపోర్టు ఇచ్చాడు, కాటన్ దొర ప్రణాళిక వేశాడు, 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయింది. కరువు జిల్లా అన్నపూర్ణ అయింది. ఇవాళ మనం తింటున్నది ఆ ఖర్చు ఫలమే. కాటన్ దొర విగ్రహానికి దండ వేసే ఊళ్ళలో పుట్టి, ప్రభుత్వం ఖర్చు పెడితే దండగే అనే మాట నేను ఒప్పుకోలేను.

అమెరికా 1935లో పనుల పథకం ఒకటి పెట్టి, ఎనిమిదేళ్ళలో 85 లక్షల మందికి పని ఇచ్చింది. రోడ్లు, వంతెనలు, బళ్ళు, ఇప్పటికీ వాడుతున్నారు. మన దగ్గర 2006లో మొదలైన ఉపాధి హామీ ఆ కోవలోదే. 2020లో హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి జనం మూటలతో తిరిగొచ్చినప్పుడు పల్లెకి ఆసరా అయింది అదే. 2020-21లో దేశంలో 389 కోట్ల పనిదినాలు నడిచాయి.

డెల్టాలో నా మాట ఒకటే: పని కావాలంటే మురుగు కాలువలు పూడిక తీయించండి. వాన పడ్డ ప్రతి ఏడూ సార్వా (వానాకాలం పంట) చేలు మునిగేది కొంతవరకు ఆ పూడిక వల్లే. కూలికి కూలి, చేనుకి చేను. ఎండాకాలం కాలువలు కట్టేసిన నెలల్లో చేయాల్సిన పని ఇది, దానికి ముందే అంచనాలు వేసి కాగితాలు సిద్ధంగా పెట్టుకోకపోతే, మాంద్యం వచ్చాక టెండర్లు పిలిచేసరికి సగం జనం ఊరు వదిలి పోతారు.

రుణమాఫీ చేస్తే సరిపోతుందా?

మాఫీ అని ఒకే మాట అంటాం గానీ అందులో చాలా రకాలున్నాయి. మన పెద్దలు చూసినది 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం, రాజాజీ మంత్రివర్గం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద, 1937 అక్టోబరు 1 నాటికి బకాయిపడ్డ వడ్డీ అంతా రద్దు, అసలు కడితే చాలు. అప్పటికే అసలుకి రెండింతలు కట్టేసి ఉంటే అప్పే రద్దు. ఇందులో న్యాయం ఉంది, ధర పడి బరువెక్కిన భాగాన్ని కోసి, రైతు నిజంగా వాడుకున్నదాన్ని ఉంచింది. కానీ ఆ చట్టం ఎప్పుడొచ్చింది? ధరలు పడిన ఎనిమిదేళ్ళకి. ఈలోపు ఎన్ని పొలాలు వేలంపాటలో చేతులు మారిపోయాయో.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఇలాంటి చట్టాలు వస్తే వడ్డీ వ్యాపారి కొత్త అప్పు ఇవ్వడం తగ్గిస్తాడు. కాబట్టి పాత అప్పు కోసినప్పుడే కొత్త అప్పుకి దారి చూపాలి, సహకార బ్యాంకులు, భూమి తనఖా బ్యాంకులు బలంగా ఉండాలి.

2008 మాఫీ బడ్జెట్‌లో 60 వేల కోట్లుగా మొదలై, అంచనా 71 వేల కోట్లు దాటింది. అది బ్యాంకు అప్పులకే, మరి చేబదులు, ఫైనాన్సు వడ్డీలు? చిన్న కమతాలవాళ్ళలో చాలామంది అప్పు అక్కడే ఉంటుంది. 2020లో రిజర్వ్ బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకోవచ్చంది, కానీ వడ్డీ ఆగలేదు. ఆ తేడా తెలియక సంతోషపడి తర్వాత స్టేట్‌మెంట్ చూసి గుండె జారినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. వాయిదా వేరు, మాఫీ వేరు. ఎవరైనా ప్రకటిస్తే ముందు అడగాల్సిన ప్రశ్న, వడ్డీ నడుస్తుందా ఆగుతుందా అని.

పంట తగ్గిస్తే ధర పెరుగుతుంది కదా?

పెరుగుతుంది. 1933లో అమెరికా ప్రభుత్వం పొలం బీడు పెట్టిన రైతుకి డబ్బిచ్చింది, వేసిన పత్తిని దున్నించింది, అరవై లక్షల పందిపిల్లల్ని చంపించింది. జనం ఆకలితో ఉంటే తిండిని నాశనం చేయడం నా మనసుకి ఇప్పటికీ మింగుడు పడదు. అయినా ధరలు కొంత కోలుకున్న మాట నిజం.

మన కోనసీమ గుర్తొస్తుంది. 2011 సార్వాలో అక్కడి రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి వేల ఎకరాలు నాటకుండా వదిలేశారు. గిట్టుబాటు లేదు, సంచులు లేవు, గోడౌన్లు లేవు, కూలి పెరిగింది, మద్దతు ధర చాలదు అన్నారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ బీడు పెడితే రైతుకి ప్రభుత్వం ఇచ్చింది, ఇక్కడ రైతు తన నష్టంతోనే బీడు పెట్టి ప్రభుత్వానికి చెప్పుకోవాల్సి వచ్చింది.

ప్రభుత్వం ఇచ్చే సాయం కౌలు రైతుకి ఎందుకు అందదు?

కాగితం పట్టాదారు పేరున ఉంటుంది, నాగలి ఇంకొకరి చేతిలో ఉంటుంది. అమెరికాలోనూ ఇదే జరిగింది: బీడు డబ్బు భూస్వామి తీసుకున్నాడు, పాలికాపు పొలం లేకుండా రోడ్డున పడ్డాడు. మన డెల్టాలో సాగు చేసేది ఎక్కువమంది కౌలుదారులే. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, కానీ ఆ రెండో దాంట్లో కార్డు రావాలంటే యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఎక్కడ పొలం పోతుందోనని యజమాని భయం, అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వడని రైతు భయం. తుపాను పరిహారం, పంట బీమా, మద్దతు ధర, అన్నీ ఆ సంతకం దగ్గరే ఆగిపోతున్నాయి. మాంద్యం వచ్చిన రోజున ప్రభుత్వం ఎంత డబ్బు పంపినా చేను దున్నేవాడి పేరు జాబితాలో లేకపోతే అది చేరేది వేరే ఇంటికి. ఈ పని మంచి రోజుల్లో చేసుకోవాల్సింది.

విదేశీ సరుకు మీద పన్ను వేసి మనల్ని కాపాడుకోవచ్చు కదా?

1930లో అమెరికా స్మూట్-హాలీ చట్టంతో దిగుమతి సుంకాలు బాగా పెంచింది, మిగతా దేశాలు తిరిగి పెంచాయి, ప్రపంచ వ్యాపారం ఇంకా కుంచించుకుపోయింది. మనకి ఇది పుస్తకంలో సంగతి కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద ఏం జరిగిందో చూశాం. కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఇంత అని ధర తగ్గించేశారు, మేత ధర మాత్రం తగ్గలేదు. మళ్ళీ అదే జబ్బు: రాబడి పడింది, కట్టాల్సింది ఉన్నచోటే ఉంది.

రాష్ట్ర ప్రభుత్వం ఏం చేయగలదు?

నోట్లు అచ్చేయలేదు, వడ్డీ రేటు మార్చలేదు, కేంద్రం అనుమతి మించి అప్పు తేలేదు. మామూలుగా రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం చుట్టూ ఉండే అప్పు పరిమితిని 2020లో కేంద్రం 5 దాకా పెంచింది, అందులో కొంత షరతులతో. కాబట్టి పెద్ద మాంద్యంలో డబ్బు కేంద్రం నుంచే రావాలి, రాష్ట్రాన్ని మాత్రమే తిట్టి లాభం లేదు. రాష్ట్రం చేతిలో ఉన్నది వేగం. ధాన్యం వెంటనే కొనడం, కొన్న డబ్బు వారాల తరబడి ఆపకుండా ఖాతాలో వేయడం, కాంట్రాక్టర్ల పాత బిల్లులు, ఉద్యోగుల బకాయిలు తీర్చడం. బకాయి తీరిస్తే కొత్త పథకం అక్కర్లేకుండానే ఊళ్ళోకి డబ్బు దిగుతుంది.

ఉచిత బియ్యం, చేతికి డబ్బు, పని, ఏది మేలు?

మొదటి వారం బియ్యం. మొదటి నెల డబ్బు. ఆ తర్వాత పని. ముసలివాళ్ళకి, పసిపిల్లల తల్లులకి, మంచాన ఉన్నవాళ్ళకి చివరిదాకా డబ్బే. 2020లో మనిషికి ఐదు కిలోల ఉచిత బియ్యం ఇచ్చారు, అది ఆకలి ఆపింది. జన్‌ధన్ ఖాతాలున్న ఆడవాళ్ళకి నెలకి 500 చొప్పున మూడు నెలలు వేశారు, అది చాలా తక్కువ అని నా అభిప్రాయం, కూలి లేని ఇంటికి ఆ డబ్బు వారం రాదు.

ప్రభుత్వం ఖర్చు ఎప్పుడు ఆపాలి?

కాస్త కోలుకోగానే ఆపేస్తే మళ్ళీ పడతాం. 1937లో రూజ్‌వెల్ట్ ఇక బాగుపడ్డామని ఖర్చు కోశాడు, మరుసటి ఏడాదికి నిరుద్యోగం మళ్ళీ 19 శాతానికి ఎగబాకింది. అసలు ఆపకపోతే ఇంకో ప్రమాదం. జపాన్‌లో తకహాషి కొరెకియో 1931 డిసెంబరులో ఆర్థిక మంత్రిగా వచ్చి బంగారం ముడి తెంపి, అప్పు చేసి ఖర్చు పెట్టి దేశాన్ని అందరికంటే ముందు బయటికి లాగాడు. తర్వాత ఖర్చు తగ్గించాలి, సైన్యానికి ఇంత వద్దు అన్నందుకు 1936 ఫిబ్రవరిలో సైనికాధికారులే ఆయన్ని ఇంట్లో చంపేశారు. ఖర్చు మొదలుపెట్టినప్పుడే దాన్ని ఎవరి చేతికి అలవాటు చేస్తున్నామో చూసుకోవాలి.

మా ఇంట్లో పెట్టె అడుగున 1930ల నాటి అప్పు నోట్లు ఉన్నాయి. ఏమైనా పనికొస్తాయా?

వసూలుకి పనికిరావు, కాలం ఎప్పుడో చెల్లిపోయింది. పారేయకండి మాత్రం. నోటు వెనక చెల్లు వేసిన తారీఖులు చూడండి, ఏ నెలలో ఎంత కట్టారో, ఎక్కడ ఆగిపోయిందో. మా ఇంట్లో దొరికిన దాంట్లో 1929 దాకా ప్రతి మాఘంలోనూ చెల్లు ఉంది, 1930లో సగం, ఆ తర్వాత ఏడేళ్ళు ఖాళీ, 1938లో ఒకే ఒక్క వరస, అసలు ముట్టినది అని. ఆ ఖాళీ ఏడేళ్ళలోనే మా కాలువ అవతలి ఎకరంన్నర పోయింది. చెదలు పట్టకముందే ఫోటోలు తీసి పెట్టుకోండి, రెండు వైపులా.